రబ్బరు చెట్టు ఆకు తెగుళ్లు: ఆకు చూసి గుర్తుపట్టడం, అదను చూసి మందు కొట్టడం

రబ్బరు చెట్టు డిసెంబరు, జనవరి నెలల్లో పండిన ఆకును తనంతట తానే రాలుస్తుంది. అది దాని స్వభావం, దానికి టెన్షన్ పడాల్సిన పని లేదు. జూన్, జులైలో ముసురు పట్టినప్పుడు పచ్చి ఆకు కాడతో సహా రాలి నేలంతా పరుచుకుంటే మాత్రం అది తెగులు. ఆ రోజు మందు కోసం పరిగెత్తినా పెద్దగా లాభం ఉండదు. ఆ తెగులుకు మందు కొట్టాల్సిన అదను మే నెలతోనే దాటిపోయింది. రబ్బరు తోటల్లో ఆకు తెగుళ్ల వల్ల వచ్చే నష్టంలో చాలా భాగం మందు తెలియక వచ్చేది కాదు, అదను తప్పడం వల్ల వచ్చేది. అందుకే ఈ మార్గదర్శిని మందుల పేర్ల వరసలో కాకుండా చెట్టు ఏడాది నడిచే వరసలో రాస్తున్నాను.

మన దేశంలో రబ్బరు అంటే ముందు కేరళ. రబ్బరు బోర్డు కొట్టాయంలో ఉంది. భారత రబ్బరు పరిశోధన సంస్థ 1955లో మొదలై అక్కడికి దగ్గర్లోని పుదుప్పళ్లిలో పనిచేస్తోంది. కింద చెప్పే మోతాదుల్లో ఎక్కువ భాగం ఆ తోటల అనుభవం నుంచి వచ్చినవే. తెలుగు నేల మీద రబ్బరు తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో మారేడుమిల్లి, రంపచోడవరం ఏజెన్సీ వైపు తోటలున్నాయి. అక్కడ ఎకరమో రెండెకరాలో రబ్బరు మీద ఆధారపడిన కుటుంబానికి ఈ విషయాలు తన భాషలో అందాలి.

మొదటి పని: ఆకు వయసు తెలుసుకోండి

రబ్బరు చిగురు మొదట రాగి రంగులో వస్తుంది. తర్వాత లేత పచ్చగా మారి, బలం లేనట్టు కిందికి వేలాడుతుంది. ఆ తర్వాతే ముదురు పచ్చగా, గట్టిగా, మెరుస్తూ నిలబడుతుంది. చిగురు విప్పినప్పటి నుంచి ఆకు పూర్తిగా ముదరడానికి ఐదు వారాలు అటూ ఇటూ పడుతుంది. రాగి రంగు, లేత పచ్చ దశల్లో ఆకు పసిపిల్ల లాంటిది. బూడిద తెగులు, కొల్లెటోట్రైకం తెగులు అప్పుడే పట్టుకుంటాయి. గట్టిపడిన ఆకు బూడిద తెగులుకు లొంగదు. కొరినెస్పొర తెగులు లేత ఆకునూ, ముదురు ఆకునూ వదలదు. వానాకాలంలో ఆకు రాల్చే తెగులు నేరుగా ముదిరిన ఆకు కాడను పడుతుంది.

అందుకని ఏ తెగులు అని అడిగే ముందు రాలింది ఏ వయసు ఆకు, ఇది ఏ నెల అని చూసుకోండి. జవాబు సగం అక్కడే దొరుకుతుంది.

రెండో పని: రాలిన ఆకును చదవండి

పొద్దున్నే తోటలోకి వెళ్లి, ఒకే చోట కాకుండా ఐదారు చోట్ల చెట్ల కింద కొత్తగా రాలిన ఆకులు ఏరండి. ఎండిపోయినవి వద్దు. వాటిని తెల్ల గుడ్డ మీదో పాత పేపరు మీదో పరిచి, ముందు కాడలు చూడండి. చాలామంది ఆకు మీద మచ్చల కోసం వెతుకుతారు, కాడను పట్టించుకోరు. వానాకాలపు తెగులు ఆనవాలు ఉండేది కాడ మీదే.

కాడ మీద బూడిద కలిసిన నల్లటి మచ్చ, ఆ మచ్చ నడుమ గడ్డకట్టిన తెల్లటి పాల చుక్క కనిపిస్తే అది ఫైటోఫ్తొరా వల్ల వచ్చే ఆకురాలు తెగులు. ఆ ఆకును కాడ పట్టుకుని మెల్లగా ఊపండి. మూడు రెక్కలూ ఇట్టే ఊడిపడతాయి. గాలికి విరిగి పడిన పచ్చి ఆకైతే ఎంత ఊపినా రెక్కలు అంటిపెట్టుకునే ఉంటాయి. తర్వాత తల ఎత్తి కాయలు చూడండి. ఈ తెగులు ముందు పచ్చి కాయలను పట్టి కుళ్లబెడుతుంది, అక్కడి నుంచి ఆకులకు దిగుతుంది. కుళ్లిన కాయలు రాలకుండా కొమ్మకే నల్లగా ఎండి వేలాడుతూ ఉండిపోతాయి. వచ్చే ఏటి తెగులుకు విత్తనం అవే.

కొత్త చిగురు వచ్చే రోజుల్లో రాగి రంగు రెక్కలు ముడుచుకుపోయి, తెల్లటి పొడి అంటుకుని రాలుతుంటే అది బూడిద తెగులు. రెక్కలు రాలిపోయినా కాడలు కొన్నాళ్లు కొమ్మకే ఉంటాయి. దూరం నుంచి చూస్తే కొమ్మ చివర చీపురు పుల్లలు గుచ్చినట్టు ఉంటుంది. ముదిరిన ఆకు మీద తెల్లటి మరకలు మాత్రమే ఉంటే భయపడకండి. ఆ ఆకు రాలదు, కొంత బలం తగ్గుతుంది అంతే.

ఈనెల వెంట గోధుమ రంగో నలుపో పాకి, చేప ముల్లులాగో రైలు పట్టాల్లాగో కనిపిస్తే అది కొరినెస్పొర. ఈ శిలీంధ్రం కాసీకోలిన్ అనే విషాన్ని వదులుతుంది. అందుకే నడిమి ఈనె మీద ఒక్క మచ్చ పడినా ఆకు మొత్తం పసుపు రంగుకో ఎర్రటి రంగుకో తిరిగి రాలిపోతుంది. మచ్చలు తక్కువగానే ఉన్నాయిలే అని ఈ తెగులును తేలిగ్గా తీసుకోవద్దు.

లేత ఆకు కొన నల్లబడి, ముడతలు పడి, వంకర తిరిగితే కొల్లెటోట్రైకం. అదే ఆకు బతికి ముదిరితే మచ్చలు చిన్న బొడిపెల్లా పైకి ఉబుకుతాయి. వేలితో తడిమితే గరుకుగా తగులుతాయి.

ముదిరిన ఆకు మీద పెద్ద గుండ్రటి మచ్చలు వస్తుంటే అది కొత్త సమస్య. 2016లో ఇండోనేషియాలోని ఉత్తర సుమత్రా తోటల్లో మొదలై మలేషియా, థాయ్‌లాండ్, శ్రీలంకలకు పాకిన గుండ్రటి మచ్చల తెగులుకు అక్కడ పెస్టలోటియాప్సిస్ రకం శిలీంధ్రాలను కారణంగా చూపుతున్నారు. మన దగ్గర కనిపిస్తున్న గుండ్రటి మచ్చల్లో కొల్లెటోట్రైకం జాతి శిలీంధ్రాలు దొరికాయి. కంటితో చూసి ఇది ఏదో చెప్పలేం. అలాంటి ఆకులను తడి లేకుండా కాగితపు కవరులో పెట్టి రబ్బరు బోర్డు వాళ్లకు పంపడమే సరైన పని. ప్లాస్టిక్ కవరులో పెడితే దారిలోనే కుళ్లి ఎందుకూ పనికిరావు.

ఒక్క జాగ్రత్త. ఈనెలు పచ్చగా ఉండి వాటి నడుమ పసుపు వస్తే అది మెగ్నీషియం లోపం కావచ్చు. ఆకు అంచులు మాడితే పొటాష్ లోపం కావచ్చు. వాటికి శిలీంధ్రనాశిని కొట్టడం డబ్బు దండగ.

మూడో పని: తెగులుకు తగిన మందు జాతిని ఎంచుకోండి

ఫైటోఫ్తొరాను మనం బూజు తెగులు అని పిలుస్తాం కానీ అది అసలైన శిలీంధ్రం కాదు. దాని చుట్టరికం నీటి నాచులతో. ఈ తేడా పుస్తకాల వరకే ఉండేది కాదు, జేబుకు తగిలేది. శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్ ఎన్నిసార్లు కొట్టినా ఫైటోఫ్తొరా మీద పనిచేయదు. దానికి రాగి మందులు కావాలి. గోదావరి జిల్లాల్లో కొబ్బరిలో అంతర పంటగా కోకో వేసిన రైతులకు ఈ శత్రువు పాతదే. వాళ్ల కోకో కాయలను నల్లగా కుళ్లబెట్టేదీ, కొబ్బరిలో మొవ్వు కుళ్లు తెచ్చేదీ ఈ కుటుంబంలోని ఫైటోఫ్తొరా పామివొరానే.

బూడిద తెగులుకు గంధకం. కొరినెస్పొర, కొల్లెటోట్రైకం తెగుళ్లకు మాంకోజెబ్, కార్బెండజిమ్. ఈ మూడు ముక్కలు గుర్తుంటే దుకాణంలో ఎవరేం చెప్పినా తడబడరు.

మోతాదు లెక్క కూడా ఇక్కడే నేర్చుకోండి. 0.2 శాతం మాంకోజెబ్ అంటే లీటరు నీటికి 2 గ్రాముల అసలు మందు. మనం కొనే పొడిలో అసలు మందు 75 శాతమే కాబట్టి లీటరుకు సుమారు 2.7 గ్రాముల పొడి కలపాలి. 0.05 శాతం కార్బెండజిమ్ కావాలంటే 50 శాతం పొడి లీటరుకు 1 గ్రాము. ప్యాకెట్ మీద ఎంత శాతం అని ఉందో చూసి లెక్క కట్టండి. ఆ మందు వాడకానికి ఇప్పుడు అనుమతి ఉందో లేదో లేబుల్ మీద, వ్యవసాయ అధికారి దగ్గర సరిచూసుకోండి. నిబంధనలు మారుతుంటాయి.

నాలుగో పని: జనవరి నుంచి మార్చి దాకా చిగురు కాపాడండి

ఆకు రాలి కొత్త చిగురు వచ్చే రోజుల్లో పొద్దున మంచు, పొగమంచు, మబ్బు ఉంటే బూడిద తెగులు విజృంభిస్తుంది. మారేడుమిల్లి వైపు చలికాలపు మంచు సంగతి అందరికీ తెలిసిందే. అక్కడి తోటల్లో ఈ రెండు మూడు నెలలూ కన్ను చిగురు మీదే ఉండాలి.

తోటలో కొన్ని చెట్లు చిగురు విప్పగానే గంధకం పొడి చల్లడం మొదలుపెట్టాలి. అన్ని చెట్లూ చిగురించేదాకా ఆగితే ముందు చిగురించిన చెట్ల నుంచి తెగులు మిగతావాటికి అంటుకుంటుంది. 325 మెష్ మెత్తటి గంధకం 70 పాళ్లు, టాల్క్ పొడి 30 పాళ్లు కలిపి, ఒక్కో విడతకు హెక్టారుకు 11 నుంచి 14 కిలోలు, అంటే ఎకరాకు సుమారు 4.5 నుంచి 5.7 కిలోలు పవర్ డస్టర్‌తో చల్లాలి. 7 నుంచి 14 రోజుల ఎడంతో మూడు నుంచి ఐదు విడతలు పడుతుంది. తెల్లవారుజామున, గాలి లేనప్పుడు, ఆకు మీద మంచు తడి ఉన్నప్పుడు చల్లితే పొడి అంటుకుంటుంది. ఎండ ఎక్కాక చల్లితే పొడి ఎగిరిపోతుంది, వేడికి చిగురు కూడా మాడుతుంది. గంధకం పొడి గాలిలో ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. దగ్గర్లో బీడీ కూడా వెలిగించనివ్వకండి.

చిన్న మొక్కలకు పొడి అవసరం లేదు. నీటిలో కలిసే 80 శాతం గంధకం లీటరుకు 2.5 గ్రాములు కలిపి పిచికారీ చేస్తే చాలు.

ఇదే కాలం నుంచి మే దాకా కొరినెస్పొర కోసం కూడా చూస్తూ ఉండాలి. ఈనెల మీద గీతలు కనిపించగానే మాంకోజెబ్ 0.2 శాతం లేదా కార్బెండజిమ్ 0.05 శాతం మొదలుపెట్టి, ఒక విడత అదీ ఒక విడత ఇదీ మార్చి కొట్టండి. ఒకే మందు మీద ఆధారపడితే శిలీంధ్రం దానికి అలవాటు పడుతుంది. పెద్ద చెట్ల పై కొమ్మలకు చేతిపంపు అందదు. పవర్ స్ప్రేయర్ అద్దెకు తీసుకోవడమో, నలుగురైదుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కోవడమో మేలు.

ఐదో పని: వానలకు ముందు రాగి మందు

ఏడాది మొత్తంలో ఒకే ఒక్కసారి మందు కొట్టే స్తోమత ఉందంటే, వర్షాలు ఏకధాటిగా కురిసే ప్రాంతంలో అది ఈ విడతే కావాలి అంటాను. కేరళలో వానాకాలపు ఆకురాలు తెగులును 1910లోనే గుర్తించారు. వందేళ్లు దాటినా దానికి ముందు జాగ్రత్త తప్ప వేరే దారి దొరకలేదు. ఏడు నుంచి పది రోజుల్లో 250 నుంచి 350 మిల్లీమీటర్ల వాన పడి, నడుమ ఎండ పొడ లేకుండా, గాలిలో తేమ 90 శాతం దాటి, వేడి 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే ఈ తెగులుకు పండగే. ఏజెన్సీలో ప్రతి ఏడూ అలా కురవకపోవచ్చు, కానీ అల్పపీడనాలు వరసగా పట్టిన ఏడాది మనకూ ఆ వాతావరణమే.

మందు కొట్టే కాలం ఏప్రిల్ నుంచి మే ఆఖరు దాకా. కొత్త ఆకు ముదిరి ఉండాలి, వాన ఇంకా మొదలుకాకూడదు.

పెద్ద తోటలకు నూనెలో కలిసే 56 శాతం కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని స్ప్రే ఆయిల్‌లో కలిపి కొడతారు. కిలో పొడికి 5 లీటర్ల నూనె. హెక్టారుకు 8 కిలోల పొడి, 40 లీటర్ల నూనె, అంటే ఎకరాకు సుమారు 3.2 కిలోలు, 16 లీటర్లు. చెట్ల ఎత్తు, గుబురు బట్టి కొంచెం మారుతుంది. నూనె వల్ల మందు ఆకుకు అంటుకుని వానకు తొందరగా కడుక్కుపోదు. దీన్ని పొగమంచులా చిమ్మే మైక్రాన్ స్ప్రేయర్ కావాలి. కేరళలో పెద్ద ఎస్టేట్లు ఒకప్పుడు హెలికాప్టర్లతో కూడా కొట్టించాయి. నూనె మందు కొట్టేటప్పుడు ఆకు పొడిగా ఉండాలి, తడి మీద కొడితే అంటదు. మామూలు నీటిలో కలిసే కాపర్ ఆక్సీక్లోరైడ్ నూనెలో కలవదు. కొనేటప్పుడు ఏ రకమో రెండుసార్లు అడగండి.

చిన్న రైతుకు 1 శాతం బోర్డో మిశ్రమం చవక, నమ్మకం. ఇంట్లోనే ఇలా చేసుకోవచ్చు:

1. ప్లాస్టిక్ డ్రమ్ములో 50 లీటర్ల నీళ్లు పోసి, 1 కిలో మైలతుత్తం పలచటి గుడ్డలో మూటకట్టి పైన వేలాడదీయండి. రాత్రంతా ఉంచితే పూర్తిగా కరుగుతుంది. ఇనుము, తగరం పాత్రలు వాడకండి.

2. ఇంకో డ్రమ్ములో 1 కిలో మంచి రాతి సున్నానికి కొద్దికొద్దిగా నీళ్లు చల్లి పొంగనివ్వండి. చల్లారాక 50 లీటర్లకు కలిపి వడగట్టండి. గాలికి పొడిపొడిగా రాలిపోయిన పాత సున్నం పనికిరాదు.

3. మైలతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి సన్నటి ధారగా పోస్తూ కర్రతో కలుపుతూ ఉండండి. సున్నాన్ని మైలతుత్తంలో పోయకూడదు. లేత నీలం రంగు ద్రావణం వస్తుంది.

4. తోమిన ఇనుప కత్తిని అందులో నిమిషం ముంచి తీయండి. కత్తికి ఎర్రటి రాగి పూత అంటితే సున్నం చాలలేదు. కొంచెం సున్నపు నీళ్లు పోసి మళ్లీ చూడండి. పూత అంటని దాకా కలపాలి, లేకపోతే ఆకు మాడుతుంది.

5. ఆ రోజు కలిపింది ఆ రోజే కొట్టేయండి. రేపటికి ఉంచితే గుణం పోతుంది.

కొట్టేటప్పుడు కాయల గుత్తులకు, ఆకు కాడలకు బాగా పట్టించండి. ఆకు పైభాగం తడిస్తే చాలనుకోవద్దు, తెగులు దిగేది కాయ నుంచి కాడకు.

రబ్బరుకు మాత్రమే ఉన్న ఒక ప్రమాదం ఉంది. రాగి రబ్బరుకు విషం. పాలలో కొద్దిపాటి రాగి కలిసినా ఆ రబ్బరు త్వరగా జిగురుగా మారి పాడైపోతుంది. మందు కొట్టే రోజు గీత, అంటే పాల కోసం బెరడు గీయడం, ఆపేయండి. పాల కప్పులు బోర్లించండి, గీత పెట్టిన బెరడు మీద మందు పడకుండా కప్పండి. మందు కలిపిన డ్రమ్ములు, బకెట్లు పాలకు ఎప్పుడూ వాడకండి. రాగి చేపలకూ ప్రాణాంతకమే కాబట్టి డ్రమ్ములు వాగులో కడగవద్దు.

మందు కొట్టే మనిషి మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. పై కొమ్మలకు కొట్టిన మందు తిరిగి మొహం మీదే పడుతుంది. కూలీకి వచ్చిన వాళ్లకు ఇవి తోట యజమానే ఇవ్వాలి, వాళ్లే తెచ్చుకుంటారులే అని వదిలేయకూడదు.

ఆరో పని: వానల్లో గీత బెరడు

ఆకు రాల్చిన ఫైటోఫ్తొరాయే వాన నీటితో కాండం మీదికి జారి గీత బెరడును కుళ్లబెడుతుంది. బెరడు చెక్కి చూస్తే లోపల నల్లటి నిలువు చారలు కనిపిస్తాయి. వాన నీరు గీత మీద పడకుండా రెయిన్ గార్డ్ కట్టి గీస్తున్న చెట్లకు వారానికోసారి మాంకోజెబ్ పొడి లీటరుకు 5 గ్రాములు కలిపి బ్రష్‌తో గీత మీద పూయండి. బెరడు తడిగా ఉన్నప్పుడు గీయకండి.

ఆకు అప్పటికే ఎక్కువగా రాలిపోయి ఉంటే చెట్టును తేలిగ్గా చూడండి. తన తిండి వండిపెట్టే ఆకే లేని చెట్టు నుంచి అన్నే పాలు పిండితే అది ఇంకా నీరసిస్తుంది. గీతకు గీతకు మధ్య రోజులు పెంచండి.

ఏడో పని: నర్సరీ

నారు మొక్కలకు పక్షి కన్ను మచ్చ తెగులు ఎక్కువ. మచ్చ నడుమ కాగితంలా తెల్లగా, చుట్టూ గోధుమ రంగు అంచుతో అచ్చం కన్నులాగే ఉంటుంది. ఎండ నేరుగా తగిలే, బలం లేని నేలల్లో ఇది ముదురుతుంది. నీడ వల వేయండి, పొటాష్ తగ్గకుండా చూడండి, మాంకోజెబ్ 0.2 శాతం కొట్టండి. సాయంత్రం పూట ఆకులు తడిసేలా నీళ్లు పోయవద్దు. మచ్చలున్న అంటు మొక్కలను చవకగా ఇస్తున్నారని తెచ్చుకుంటే తెగులును కొని తెచ్చుకున్నట్టే.

ఎనిమిదో పని: ఒకే రకం మీద పడిపోకండి

1980లో విడుదలైన ఆర్‌ఆర్‌ఐఐ 105 అనే రకం పాలు బాగా ఇస్తుంది కాబట్టి దేశమంతా అదే నాటారు. 1990ల్లో దక్షిణ కర్ణాటకలో కొరినెస్పొర వచ్చినప్పుడు అదే రకం దెబ్బతింది. అంతకు ముందు 1980ల్లో శ్రీలంకలో ఆర్‌ఆర్‌ఐసీ 103 అనే రకం ఈ తెగులుకే బలై, వేల హెక్టార్లలో చెట్లు పీకేయాల్సి వచ్చింది. మలేషియా రకం ఆర్‌ఆర్‌ఐఎం 600 వానాకాలపు ఆకురాలు తెగులుకు తొందరగా లొంగుతుంది. కొత్తగా నాటేవాళ్లు ఆర్‌ఆర్‌ఐఐ 414, 430 లాంటి రకాలను కూడా అడిగి, రెండు మూడు రకాలను వేరువేరు మడులుగా వేసుకోవడం మంచిది.

తొమ్మిదో పని: రానివ్వకూడని తెగులు

రబ్బరు పుట్టిల్లు అమెజాన్ అడవి. అక్కడి దక్షిణ అమెరికా ఆకు ఎండు తెగులు ఇప్పటికీ ఆసియాకు రాలేదు. అడవిలో చెట్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి అది అదుపులో ఉంటుంది. హెన్రీ ఫోర్డ్ కంపెనీ 1928లో బ్రెజిల్‌లో తపజోస్ నది ఒడ్డున ఫోర్డ్‌లాండియా పేరుతో చెట్లను దగ్గరదగ్గరగా నాటితే ఆకు నుంచి ఆకుకు పాకి తోటనే తుడిచిపెట్టింది. 1945లో ఆ భూములను బ్రెజిల్ ప్రభుత్వానికి ఇచ్చేసి కంపెనీ తప్పుకుంది. ఉద్యోగాలకు, టూర్లకు బ్రెజిల్, పెరూ, కొలంబియా వైపు వెళ్లే తెలుగువాళ్లు ఉన్నారు. రబ్బరు తోట చూసి వస్తే ఆకు, కాయ, గింజ ఏదీ తేవద్దు. అక్కడ తిరిగిన బట్టలు ఉతికి, చెప్పులు కడిగి గానీ ఇక్కడి తోటలో అడుగు పెట్టవద్దు.

పదో పని: నోట్‌బుక్

ఆకు రాలడం ఏ తేదీన మొదలైంది, చిగురు ఎప్పుడు విప్పింది, మందు ఏ రోజు ఎంత కొట్టారు, తర్వాత ఎన్ని రోజులకు వాన పడింది రాసి పెట్టండి. వానలు తగ్గాక సెప్టెంబరులో తోటంతా తిరిగి, ఎండిన నల్ల కాయలు ఎక్కువగా వేలాడుతున్న చెట్లకు సున్నంతో గుర్తు పెట్టి, వాటి వరస కూడా ఆ నోట్‌బుక్‌లో ఎక్కించండి. ఏప్రిల్‌లో రాగి మందు మొదలుపెట్టేది ఆ చెట్ల దగ్గరే.